ముఖం లేని ఫ్లెక్స్

ఆ రోజు పొద్దున కాలేబు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. జొన్నరొట్టె తినాలి, మధు దుకాణంలో ఫ్లెక్స్ తీసుకోవాలి, కాలేజీ హాల్లో దాన్ని గోడకు కట్టి మాట్లాడాలి, ఉద్యోగం నిలబెట్టుకోవాలి. నారాయణఖేడ్‌లో ఇంతకన్నా పెద్ద ప్రణాళికలు వేసుకుని గట్టెక్కినవాళ్లు చాలామందే ఉన్నారు. కాకపోతే వాళ్లెవరికీ మధు దుకాణంతో పని పడలేదు.

ఉద్యోగమంటే మరీ గొప్పదేం కాదు. ఊళ్లోని ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో జర్నలిజం చెప్పే గెస్టు లెక్చరర్. ఆ సబ్జెక్టు తీసుకునే పిల్లలు ఏటికేడు తగ్గిపోతున్నారు. ఈసారి హాలు నిండాలని, కొత్త పిల్లలు పేర్లు ఇవ్వాలని, లేకపోతే జర్నలిజాన్నీ దాంతోపాటు కాలేబునీ ఎత్తేస్తామని ప్రిన్సిపాల్ మాణిక్యప్ప తేల్చి చెప్పాడు. దాంతో కాలేబు తన దగ్గరున్న ఒకే ఒక్క అస్త్రం బయటికి తీశాడు. అది అతని పీహెచ్‌డీ. యుద్ధం మీద వచ్చే వీడియో గేములకు అట్ట మీద ఎలాంటి బొమ్మ వేస్తారు, ఆ బొమ్మలోని ఒక్కో గుర్తూ చూసేవాడికి ఏం చెబుతుంది అన్నది అతని పరిశోధన. సైనికుడి ముఖం ఎప్పుడూ నీడలోనే ఎందుకుంటుంది? వెనుక ఆకాశం నారింజ రంగులోనే ఎందుకు మండుతుంది? ఈ ప్రశ్నలతో అతను ఏళ్ల తరబడి నిద్ర పాడుచేసుకున్నాడు.

ఈ చదువును నలుగురికీ చెప్పుకోలేక నలిగిపోయింది మాత్రం వాళ్లమ్మ ఎలీసబెతు. చర్చి దగ్గర ఎవరైనా "నీ కొడుకు ఏం చదువుతుండే?" అని అడిగితే, "పిల్లల ఆటల డబ్బల మీద బొమ్మలు చూస్తుండు" అని ఏ తల్లి మాత్రం చెబుతుంది? అందుకే ఆమె మొదట్లోనే ఒక జవాబు ఖాయం చేసుకుంది. "ఏదో మిలిటరీది చదువుతుండక్కా" అనేది. అది అబద్ధం కాదు. నిజానికి పక్కిల్లు, అంతే.

దీనికి తోడు ముందురోజు కటింగ్ దుకాణంలో మల్లేష్ కబుర్లలో పడి మిషనుకు దువ్వెన తగిలించడం మరిచిపోయాడు. కాలేబు తల ఒకపక్క నున్నగా అయ్యాక రెండోపక్కను కూడా దానికి సమానం చేయక తప్పలేదు. "ఎండకాలం, గాలి మంచిగ తగుల్తది సార్" అని ఓదార్చి పంపాడు.

ఇక మధు సంగతి. ముందురోజు సాయంత్రం కాలేబు ఒక గేము అట్ట బొమ్మను అతనికి వాట్సాప్‌లో పంపి, "గిది పెద్దగ కొట్టు మధూ, రేపు కాలేజీల ప్రోగ్రాం ఉంది" అని చెప్పి వెళ్లిపోయాడు. మధు బొమ్మను పెద్దది చేసి చూశాడు. చేతిలో తుపాకీ ఉంది. వెనుక హెలికాప్టర్ ఉంది, పొగ ఉంది, తగలబడుతున్న ఊరుంది. మనిషికి ముఖం మాత్రం లేదు, టోపీ కింద అంతా చీకటి. మధు వృత్తిలో ఇంతకన్నా పెద్ద లోపం మరొకటి లేదు. పుట్టినరోజుకైనా, వర్ధంతికైనా, ఎరువుల దుకాణం ప్రారంభానికైనా ముఖం లేని ఫ్లెక్స్ ఆ దుకాణం గడప దాటలేదు. ఒకసారి జాతరకు స్వాగతం అంటూ ఉత్త అక్షరాలతో కొడితే, "మరి స్వాగతం పలికింది ఎవలని ఎట్ల తెలుస్తదిరా?" అని కొట్టించినవాడే తిప్పి పంపాడు.

ఆ సమయానికి అక్కడ విత్తనాల దుకాణం మల్లప్ప చాయ్ తాగుతూ కూర్చున్నాడు. "కాలేబా? ఎలీసబెతు కొడుకు గదా. మిలిటరీది చదువుతుండంట" అన్నాడు.

మధుకు ఒక్కసారిగా అంతా అర్థమైపోయింది. చిన్నప్పటి దోస్తు సైన్యానికి ఎంపికయ్యాడు, సిగ్గుపడి నోరు తెరిచి చెప్పలేదు! కాలేబు వాట్సాప్ ఫోటో తీసి ఆ చీకటిలో అతికించాడు. అది ఒక పెళ్లిలో భోజనాల దగ్గర దిగిన ఫోటో. పైన "భారత సైన్యానికి ఎంపికైన మన ఊరి ముద్దుబిడ్డ కాలేబుకు హార్దిక శుభాకాంక్షలు" అని రాశాడు. కింద శుభాకాంక్షలు చెప్పేవాళ్ల ముఖాలు గుండ్రంగా కత్తిరించి వరుసగా పేర్చాడు. ఊళ్లోని పెద్దమనుషుల ఫోటోలన్నీ అతని కంప్యూటర్లో ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. మల్లప్ప ఎదురుగానే ఉన్నాడు కాబట్టి ఆయనది పెద్దగా పడింది. ప్రిన్సిపాల్‌ది మిగిలిన చోట సర్దుకుంది. రెండు కొట్టి, ఒకటి కాలేజీ హాలుకు, ఒకటి బస్టాండ్ చౌరస్తాకు కట్టించాడు. రెండోది దోస్తుకు తన కానుక.

పొద్దున ఎలీసబెతు గడప మీద కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తుంటే పక్కింటి లీలమ్మ రొప్పుకుంటూ వచ్చింది.

"ఏడ్వకు అక్కా, ఏడ్వకు. అందరి తల్లులు పంపుతలేరా?"

"ఎవలు ఏడుస్తుండ్రే? ఉల్లిగడ్డ కోస్తున్న."

"నా కాడ గూడ దాస్తవా? చౌరస్తాల చూసే వస్తున్న. తాటిచెట్టంత నిలబడ్డడు నీ కొడుకు, తుపాకి వట్టుకొని. ఎనుక ఊరంత మండుతుంది. నీ కొడుకేమో నవ్వుతుండు!"

ఎలీసబెతు చేతిలో కత్తి ఆగిపోయింది. "కాలేబూ!" అని ఆమె పెట్టిన కేకకు స్నానం చేస్తున్నవాడు సబ్బునురగతోనే బయటికి వచ్చాడు.

"నాకు ఒక్క మాటన్న చెప్పకుంట మిలిటరీల చేరినవా కొడుకా?"

"మిలిటరీయేంది? నేను చదివేది బొమ్మలమ్మా, నీకు తెల్వదా?"

"మరి ఫ్లెక్స్ ఏసిండ్రంట గదా!"

"ఫ్లెక్స్ ఏస్తే అయిపోయినట్టేనా?"

"కాంది ఎట్ల ఏస్తరు? ఉన్నదే ఒక్కనివి. నాన్న లేడు. నువ్వు గూడ పోతే నేనెవలి మొకం చూడాలె?" అంది ఎలీసబెతు. ఇన్నేళ్లూ తాను నలుగురికీ చెప్పిన మాటే నిజమై తిరిగొచ్చిందని ఆమెకు లోలోపల భయం పట్టుకుంది.

కాలేబు పైన రెండు చెంబులు పోసుకుని, తల దువ్వుకోబోయి దువ్వెనతో పనిలేదని గుర్తొచ్చి, బయటికి పరుగెత్తాడు. మిగతా గేముల అట్టలను ముందే చిన్న కాగితాల మీద అచ్చు వేయించి, నలగకుండా ఒక పాత పీవీసీ పైపు ముక్కలో చుట్టి పెట్టుకున్నాడు. అది భుజానికి తగిలించుకున్నాడు. గుండు తల, భుజాన నల్లటి గొట్టం, చౌరస్తా వైపు పరుగు. అతన్ని ఆ వేషంలో ఊరు సగం చూసింది.

చౌరస్తాలో తన బొమ్మ కింద తానే నిలబడి చూసుకున్నాడు కాలేబు. ఊరు తగలబడుతుంటే పెళ్లిభోజనం చేసిన తృప్తితో నవ్వుతున్నాడు. బొమ్మలో ముఖం దాచేది చూసేవాడు అక్కడ తన ముఖం పెట్టుకోవడానికే అని అతను పరిశోధనలో ఒక అధ్యాయమంతా రాశాడు. మధు దాన్ని చదవకుండానే అమలుచేసి పారేశాడు.

"శభాష్ బిడ్డా!" అని వెనుక నుంచి వీపు మీద ఒక దెబ్బ పడింది. నాగల్‌గిద్ద సంగప్ప. ఫౌజులో పనిచేసి వచ్చిన మనిషి, ఆర్మీకి పోవాలనుకునే పిల్లలను పొద్దున్నే మైదానంలో పరుగెత్తిస్తుంటాడు. ఆ పిల్లలంతా చెమటలు కక్కుతూ ఆయన వెనుకే ఉన్నారు.

"నేను ఫౌజుల చేరలే కాకా. గిది గలతీల పడ్డది" అన్నాడు కాలేబు.

సంగప్ప పిల్లల వైపు తిరిగి కన్నుకొట్టాడు. "ఇన్నరా? చేరినోడు ఎన్నడన్న చేరిన్నని చెప్తడా? అస్సలు ఫౌజీ గిట్లనే ఉంటడు. హౌదు." ఆయన మెప్పు ఎప్పుడూ ఈ కన్నడ 'అవును'తోనే ముగుస్తుంది. "కాలేజీల సన్మానమంట గదా. మేమంత వస్తున్నం."

కాలేబు మధుకు ఫోన్ చేశాడు. మధు సంతోషం పట్టలేకపోతున్నాడు.

"చూసినవా అన్నా? మొకం చీకట్ల పడ్డది, నేనే సెట్ చేసిన."

"మొకం కనపడొద్దురా! కనపడకపోవుడే ఆ బొమ్మల అసలు సంగతి. జల్దీ తీసెయ్."

"నాకు తెల్సన్నా, నీకు సిగ్గు. నువ్వు దేశం కోసం పోతుంటే నేను ఫ్లెక్స్ తీసేస్తనా? నన్ను జనం ఉంచుతరా?" అని మధు ఫోన్ పెట్టేశాడు.

కాలేజీకి చేరేసరికి ప్రిన్సిపాల్ గదికి పిలుపు వచ్చింది. మాణిక్యప్ప కుర్చీలో బిగుసుకుని కూర్చుని ఉన్నాడు. కాలేజీకి వస్తూ చౌరస్తాలో ఆయన స్కూటర్ ఆపుకుని చాలాసేపు ఆ ఫ్లెక్స్‌ను పరిశీలించాడు. కాలేబు జీవితంలో అంత శ్రద్ధగా బొమ్మను చదివిన పండితుణ్ని చూడలేదు.

"నా ఫోటో ఏ వరుసల ఉంది?"

"సార్, గది నేను..."

"కింది వరుసల. మూలకు. మల్లప్పది నా తలకాయకు రెండింతలున్నది. ఆయన చుట్టు బంగారు గీత, నా చుట్టు ఉత్త తెల్లగీత. ఆయన పైకి చూస్తుండు, నేను ఆయన చెప్పుల దిక్కు చూస్తున్న. గా ఫోటో గూడ ఐడీ కార్డుది. దీని అర్థమేందో నువ్వే చెప్పు, గుర్తులు సదివినోడివి."

"సార్, నేను యాడికీ పోతలేను. నాకు ఈ ఉద్యోగమే కావాలె."

"ఫ్లెక్స్ వడ్డంక గూడ పోతలేనంటవా?" అన్నాడు మాణిక్యప్ప నిజమైన ఆశ్చర్యంతో. "నేను పొద్దుగాలనే మేనేజ్‌మెంట్‌కు చెప్పిన, మనోడు ఫౌజుకు పోతుండని. సల్లగైంది, జర్నలిజం ఎత్తేద్దామన్నరు."

కాలేబుకు నెట్ పరీక్షలు, హాస్టల్ పప్పు, అమ్మ మోసిన కంది మూటలు అన్నీ కళ్ల ముందు తిరిగాయి. ఏ ఊరు వదిలిపోకూడదని ఈ చిన్న ఉద్యోగంలో చేరాడో, ఆ ఊరే పూలదండతో తనను సాగనంపేలా ఉంది.

"ఒక్క గంట టైమియ్యుండ్రి సార్. హాలు నిండి, పిల్లలు పేర్లిస్తే..."

"నిండితె చూద్దాం" అన్నాడు మాణిక్యప్ప, నిండదన్న ధైర్యంతో.

హాలు నిండటం కాదు, పొంగింది. సంగప్ప తన పరుగు పిల్లలందరినీ తెచ్చి ముందు వరుసల్లో నిటారుగా కూర్చోబెట్టాడు. చర్చి ఆడవాళ్లు కొడుకును సాగనంపే తల్లికి తోడుగా వచ్చి ఎలీసబెతును మధ్యలో కూర్చోబెట్టుకున్నారు. కాలేజీ పిల్లలు కిటికీలకు వేలాడుతున్నారు. వేదిక వెనుక గోడ మీద రెండో ఫ్లెక్స్‌లో కాలేబు నిండుగా నవ్వుతున్నాడు. వేదిక మీద కాలేబు మాత్రం నవ్వడం లేదు.

అతను పైపు భుజం మీంచి దించి బల్ల మీద పెట్టగానే ముందు వరుస వాళ్లు కొంచెం వెనక్కి జరిగారు.

"అందరికీ నమస్కారం. ముందుగల ఒక మాట. నేను సైన్యంల చేరలేదు."

చప్పట్లు మోగిపోయాయి.

"నిజం చెప్తున్న. నాకు తుపాకి వట్టుకునుడు గూడ రాదు."

సంగప్ప లేచి నిలబడి సెల్యూట్ చేశాడు. చప్పట్లు రెట్టింపయ్యాయి. అప్పుడు రెండో సంవత్సరం చదివే దుర్గాభవాని చెయ్యెత్తింది. జర్నలిజంలో మిగిలిన కొద్దిమందిలో చురుకైన పిల్ల.

"సార్, మీరే గదా చెప్పింది? మనిషి నోటితోని చెప్పేది ఇడిసిపెట్టి గుర్తులను చూడుండ్రి అని. మీ కటింగ్ చూసినం. పొద్దుగాల ఉరుకుడు చూసినం. భుజానికి గా గొట్టం చూసినం. మీ అమ్మ కండ్లు ఎర్రగున్నయి. ఇగ మీరెంత కాదన్నా మేమెట్ల నమ్ముతం?"

హాలంతా తలూపింది. చెప్పిన పాఠాన్ని ఇంత బాగా ఒంటబట్టించుకున్న పిల్లను చూసి గర్వపడాలో తల బాదుకోవాలో కాలేబుకు తెలియలేదు. ఇక కాదనడం దండగ అని మాత్రం తెలిసింది. పైపు తెరిచి అందులోంచి తుపాకీకి బదులు కాగితాలు తీశాడు. మల్లేష్ మిషను సంగతి చెప్పాడు, పైపు ఎవరి బోరుబావిదో చెప్పాడు, ఉల్లిగడ్డల సంగతి చెప్పాడు. హాలు మొదట అనుమానంగా నవ్వింది, తర్వాత నిజంగానే నవ్వింది.

"ఇగ గా ఫ్లెక్స్ చూడుండ్రి. నా మొకం తీసేస్తే గది ఒక ఆట డబ్బ మీది బొమ్మ. దాన్ల ఏమేం కనపడుతున్నయి?"

"తుపాకి!" "హెలికాప్టర్!" "పొగ!" అని అరిచారు పిల్లలు.

"ఏం కనపడుతలేవు?"

పిల్లలు బొమ్మను మళ్లీ వెతికారు. అంతలో ఆడవాళ్ల మధ్య నుంచి ఎలీసబెతు లేచింది. హాల్లోకి వచ్చినప్పటి నుంచి ఆ బొమ్మను ఆమె చూసినంత భయంగా ఎవరూ చూడలేదు.

"ఎనుక గన్ని ఇండ్లు కాలుతున్నయి గదా కొడుకా. గండ్ల మనుషులు యాడికి పోయిండ్రు? ఒక్కరు గూడ కనపడరేంది?"

కాలేబు బల్ల దాటి వేదిక అంచుకు వచ్చాడు. "గదేనమ్మా" అన్నాడు. "నేను ఇన్నేండ్ల సంది సదివేది గదే. మనుషులు కనపడితే ఆట ఎవలు కొనరు. అందుకే ఊరిని చూపెట్టి మనుషులను తీసేస్తరు. మొకం దాసి, నీ మొకం పెట్టుకో అంటరు."

"గట్ల ముందే చెప్పరాదా మరి" అంది ఎలీసబెతు. కొడుకు చదువు ఏమిటో ఆమెకు ఆ క్షణాన మొదటిసారి తెలిసింది. పక్కనున్న లీలమ్మకు "మావోడు గది చదువుతుండు" అని వేలుతో గోడను చూపించి కూర్చుంది. మిలిటరీ మాట ఎత్తలేదు.

సంగప్ప గొంతు సవరించుకున్నాడు. "అరే, నేను ఫౌజుల గన్నేండ్లున్న. గసొంటి ఎర్ర ఆకాశం ఒక్కనాడు చూడలే. ఎక్కువ దినాలు ఒక గోదాం ముంగట ఎండల నిలబడ్డ. గది డబ్బ మీద ఏస్తే ఎవడు కొంటడు? హౌదు." పరుగు పిల్లలు ఆయన వైపు అయోమయంగా చూశారు. ఇన్నాళ్లూ ఆయన వాళ్లకు చెప్పిన కథల్లో గోదాం ఊసే లేదు.

ఆ తర్వాత కాలేబు ఒక్కో అట్టా పైకెత్తి చూపిస్తుంటే పిల్లలే పోటీపడి గుర్తులు విప్పారు. అవి అయిపోయాక ఊళ్లోని ఫ్లెక్సుల మీద పడ్డారు. మల్లప్ప తలకాయకు బంగారు గీత ఎందుకున్నదో ఎవరో విప్పి చెప్పినప్పుడు వెనుక నిలబడిన మాణిక్యప్ప అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టాడు. సభ అయ్యాక జర్నలిజానికి పేరిస్తామని పిల్లలు దుర్గాభవాని చుట్టూ మూగారు. పరుగు పిల్లల్లో కూడా కొందరు చేరారు. పరుగు మానేస్తే పొద్దున పూట ఖాళీయే కదా అన్నారు, సంగప్ప వినకుండా.

మాణిక్యప్ప అక్కడికక్కడే మేనేజ్‌మెంట్‌కు ఫోన్ చేశాడు. "మనోడు పోతలేడు. జర్నలిజం ఉంచుతున్నం" అని, ఫోన్ జేబులో పెట్టుకుని కాలేబును పక్కకు పిలిచాడు.

"నీ నౌకరికి ఢోకా లేదు. కానీ నాదొక షరతు. గా ఫ్లెక్స్ తీసేసి రేపటికల్ల కొత్తది వడాలె. నా ఫోటో అందరికన్న పెద్దగుండాలె, పైకి చూస్తుండాలె. మాణిక్యప్ప సారు నాయకత్వంల ముందుకు సాగుదాం అని రాయాలె. మల్లప్ప ఉండొద్దు."

కాలేబుకు ఆ క్షణంలో ఆయన ఏమడిగినా ఇచ్చేంత తేలికగా ఉంది. మధుకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు. "సార్ ఫోటో పెద్దగుండాలె మధూ. నీ దగ్గరున్న దాన్లకెల్ల పెద్దగ."

"నువ్వు పరేషాన్ గాకన్నా. పెద్దది తయారే ఉంది" అన్నాడు మధు. జరిగిన పొరపాటుకు అతను నిజంగానే బాధపడుతున్నాడు, ఎలాగైనా దిద్దుకోవాలనుకున్నాడు. ఇంత తక్కువ సమయంలో కొత్తగా గీసేదేముంది, ఉన్నదాంట్లో ముఖం మారిస్తే చాలు కదా.

మర్నాడు పొద్దున కాలేజీ గేటు దగ్గర మాణిక్యప్ప భార్య శంకరమ్మ నిలబడి ఉంది. ఒక చేతిలో ఉన్ని స్వెటర్, ఇంకో చేతిలో బీపీ గోలీల డబ్బా.

"బోర్డర్ల సలి ఉంటదంట, గియ్యన్న తీస్కపోరాదుండ్రి! గీ వయసుల ఇంట్ల చెప్పకుంట గిదేం పని?" అని ఆమె గొల్లుమంది. చౌరస్తాలో తగలబడుతున్న ఊరి ముందు తుపాకీ పట్టుకుని, మాణిక్యప్ప పైకి చూస్తూ నాయకత్వం వహిస్తున్నాడు.

"నేను యాడికీ పోతలేనే! నేను ఫౌజుల చేరలే!" అని మాణిక్యప్ప గేటులో నిలబడి అరిచాడు. అప్పటికే దండ పట్టుకుని వచ్చిన సంగప్ప పిల్లల వైపు తిరిగి మళ్లీ కన్నుకొట్టాడు.

ప్రిన్సిపాల్ ఎంత మొత్తుకున్నా ఊళ్లో ఎవరూ నమ్మలేదు. కటింగ్ చూస్తేనే తెలుస్తలేదా అన్నారు. మాణిక్యప్పది పెళ్లినాటి బట్టతల.